కుక్క తిండికీ ఒక చదువుందా? పెట్ ఫుడ్ సైన్స్ దారి విజయవాడ నుంచి చూస్తే

కుక్కకు పెరుగన్నం పెట్టి పెంచిన ఊళ్లు మనవి. రాత్రి గిన్నెలు తోమే ముందు మిగిలిన అన్నంలో ఇంత మజ్జిగ పోసి, ఆదివారమైతే నాలుగు ఎముకలు వేసి, పెరట్లో సత్తు పళ్లెంలో పెట్టేవాళ్లు. ఇప్పుడు విజయవాడలో గానీ గుంటూరులో గానీ కాస్త పెద్ద పెట్ షాపుకు వెళితే గోడ పొడవునా సంచీలే. కుక్కపిల్లకు ఒకటి, ముసలి కుక్కకు ఒకటి, కిడ్నీ జబ్బున్న పిల్లికి ఇంకొకటి. ఏ కంపెనీది కొన్నా ‘పెడిగ్రీ పెడుతున్నాం’ అనే అంటాం. వనస్పతికి డాల్డా ఎలాగో దీనికి ఆ పేరు అలా అతుక్కుపోయింది.

పటమటలో మా పక్క వాటా వాళ్లమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో వచ్చిన ర్యాంకు ఎంబీబీఎస్‌కు చాలదు. ‘బాబాయ్, పెట్ ఫుడ్ సైన్స్ అని ఉందట, అది ఎక్కడ చదువుతారు?’ అని ఒకరోజు అడిగింది. పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న వాళ్ల నానమ్మ తలెత్తకుండానే ‘కుక్కలకు వండిపెట్టడానికి కాలేజీకి పోవాలంటే?’ అంది. నిజానికి నానమ్మ ప్రశ్నే ముందు తేలాలి. అక్కడ చదవాల్సినంత విషయం ఉందో లేదో తెలిస్తేనే, ఎక్కడ చదవాలన్న మాట వస్తుంది.

పెరుగన్నాన్ని ఒకసారి లెక్క వేస్తే

200 గ్రాముల అన్నం, 100 గ్రాముల పెరుగు తీసుకుందాం. వండిన అన్నంలో నూటికి 70 వంతులు నీళ్లే, ప్రొటీన్ 2.7 గ్రాముల దాకా ఉంటుంది. పెరుగులో నీరు 87, 88 వంతులు, ప్రొటీన్ 3 గ్రాముల పైచిలుకు. అంటే మొత్తం పళ్లెంలో ప్రొటీన్ దాదాపు 8.7 గ్రాములు. నీరంతా తీసేస్తే మిగిలే పొడి పదార్థం సుమారు 72 గ్రాములు. పొడి పదార్థంలో ప్రొటీన్ 12 శాతం అన్నమాట.

అమెరికాలో రాష్ట్రాల దాణా నియంత్రణ అధికారుల సంఘం ఒకటి ఉంది, దాన్ని ఆఫ్‌కో అంటారు. ఎదిగిన కుక్క ఆహారంలో పొడి పదార్థం లెక్కన కనీసం 18 శాతం, కుక్కపిల్లకూ చూలు కుక్కకూ 22.5 శాతం ప్రొటీన్ ఉండాలని దాని పట్టిక చెబుతుంది. ఆ లెక్కన పెరుగన్నం ఫెయిల్.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. అదే అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో కుక్కలు, పిల్లుల పోషక అవసరాల మీద పెద్ద గ్రంథం వేసింది. అందులో ఎదిగిన కుక్కకు సిఫారసు చేసిన ప్రొటీన్ సుమారు 10 శాతమే. ప్రొటీన్ మంచి రకమై, బాగా అరిగేదై ఉంటే ఆ మాత్రం చాలని దాని ఉద్దేశం. ఆఫ్‌కో అంకెలో మాత్రం, ఫ్యాక్టరీ ముడిసరుకులు అన్నీ ఒకేలా అరగవన్న జాగ్రత్త కలిసి ఉంది. రెండు అంకెలూ తప్పు కాదు. ఒకటి శరీరానికి ఎంత కావాలో చెబుతుంది, రెండోది సంచీలో ఎంత పోస్తే శరీరానికి ఆ మేరకు అందుతుందో చెబుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే పెట్ ఫుడ్ సైన్స్ పని.

మన పెరట్లో కుక్కలు ప్రొటీన్ లేక చచ్చిపోలేదంటే కారణం ఇదే. కానీ లెక్క ప్రొటీన్‌తో ఆగదు. ఆఫ్‌కో పట్టికలో ఎదిగిన కుక్కకు కాల్షియం కనీసం 0.5 శాతం. మన 72 గ్రాముల పొడి పదార్థానికి అది 360 మిల్లీగ్రాములు. 100 గ్రాముల పెరుగులో ఉండేది 120 నుంచి 150 మిల్లీగ్రాములు, అన్నంలో లేనట్టే లెక్క. సగం కూడా రాలేదు. జింక్, రాగి, అయోడిన్, విటమిన్-ఇ అంటూ పట్టికలో కిందికి పోయేకొద్దీ ఖాళీలు పెరుగుతాయి. పాతకాలం కుక్క ఆ ఖాళీలను ఎముకలతో, చేప తలకాయలతో, వీధిలో దొరికిన వాటితో పూడ్చుకునేది. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉన్న కుక్కకు ఆ వీలు లేదు.

ఏడాది పొడవునా ఒకే సంచీ

సంచీ మీద ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని ఉంటే అర్థం: ఆ వయసు జంతువుకు ఈ ఆహారం, మంచినీళ్లు ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. మామూలు బిస్కెట్లు, నమిలే పుల్లలు ఈ కోవలోకి రావు, అవి చిరుతిండి. మనుషుల తిండిలో ఇలాంటి హామీ ఇచ్చేది దాదాపుగా పసిపిల్లల డబ్బా పాలు ఒక్కటే.

ఈ హామీ ఎంత బరువైనదో పిల్లుల కథ చెబుతుంది. మన భోజనంలో ఈ రోజు తగ్గింది రేపు పప్పులోనో ఆకుకూరలోనో వస్తుంది. పెంపుడు పిల్లికి మాత్రం ఫార్ములాలో ఒక పొరపాటు జరిగితే ఆ పొరపాటునే ఏడాదికి 365 రోజులూ తింటుంది. 1980ల్లో అమెరికాలో కంపెనీ ఆహారం మీదే పెరిగిన పిల్లులు గుండె కండరం సాగిపోయే జబ్బుతో చనిపోతుండేవి. దానికి మూలం టారిన్ అనే పదార్థం తక్కువ కావడమని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లోని పరిశోధకులు చూపించారు. కుక్క చాలావరకు టారిన్‌ను ఒంట్లోనే తయారు చేసుకోగలదు, పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. ఆ తర్వాత కంపెనీలు టారిన్ కలపడం మొదలెట్టాయి, ఆ జబ్బు బాగా తగ్గిపోయింది. గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది: పిల్లి పొడి ఆహారంలో టారిన్ కనీసం 0.1 శాతం చాలు, డబ్బాలో మూసి ఉడికించిన ఆహారంలో 0.2 శాతం ఉండాలి. పోషకం అదే, జంతువు అదే. వండే పద్ధతి మారితే అవసరమైన మోతాదు రెట్టింపైంది. జంతువు గురించి తెలిసినవాడికీ, వంట యంత్రం గురించి తెలిసినవాడికీ ఒకరి అవసరం ఒకరికి ఇలా పడుతుంది.

22 పెద్దదా, 8 పెద్దదా?

సంచీ వెనక ఉండే అంకెల్లో జనాన్ని ఎక్కువగా తికమక పెట్టేది ప్రొటీన్ శాతం. ఒక పొడి ఆహారం సంచీ మీద ప్రొటీన్ 22 శాతం, తేమ 10 శాతం అని ఉందనుకోండి. పక్కనే ఉన్న గ్రేవీ ప్యాకెట్ మీద ప్రొటీన్ 8 శాతం, తేమ 80 శాతం. గ్రేవీ దండగ అనిపిస్తుంది. నీళ్లు తీసేసి చూద్దాం. పొడి ఆహారంలో 100 గ్రాములకు 90 గ్రాములు అసలు సరుకు, అందులో 22 గ్రాముల ప్రొటీన్. 22ను 90తో భాగిస్తే 24 శాతం చిల్లర. గ్రేవీలో అసలు సరుకు 20 గ్రాములే, అందులో 8 గ్రాములు ప్రొటీన్. అంటే 40 శాతం. దీన్నే డ్రై మ్యాటర్ లెక్క అంటారు. యానిమల్ న్యూట్రిషన్ చదివే ఎవరైనా మొదట నేర్చుకునే లెక్క ఇదే.

ఆ 22 శాతాన్నైనా ఎలా కొలిచారు? ల్యాబ్‌లో నేరుగా ప్రొటీన్‌ను కొలవరు. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యొహాన్ కెల్డాల్ కనిపెట్టిన పద్ధతిలో నైట్రోజన్‌ను కొలుస్తారు. ప్రొటీన్‌లో సగటున 16 శాతం నైట్రోజన్ ఉంటుంది కాబట్టి, వచ్చిన అంకెను 6.25తో హెచ్చిస్తారు. ఆ వచ్చినదాన్ని ‘క్రూడ్ ప్రొటీన్’ అంటారు. క్రూడ్ అన్న మాటకు ఇక్కడ ముతక లెక్క అని అర్థం, నాసిరకం అని కాదు.

ఈ ముతక లెక్కలో ఉన్న కన్నంలోంచే 2007లో ఒక ఘోరం దూరింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిసింది. మెలమైన్ ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం, అందులో మూడింట రెండు వంతుల బరువు నైట్రోజనే. 66ను 6.25తో హెచ్చించి చూడండి: 400 దాటుతుంది. అంటే 1 గ్రాము మెలమైన్, కెల్డాల్ పరీక్షలో 4 గ్రాముల ప్రొటీన్‌లా కనిపిస్తుంది. 100 కిలోల పిండిలో 1 కిలో కలిపితే చాలు, కాగితం మీద ప్రొటీన్ 4 శాతం పెరిగిపోతుంది. ఉత్తర అమెరికాలో కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చనిపోయాయి. పెద్ద ఎత్తున సరుకు వెనక్కి తెప్పించారు. మరుసటి ఏడాదే చైనాలో పసిపిల్లల పాలపొడిలో అదే రసాయనం బయటపడి, దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. పెట్ ఫుడ్ కంపెనీల్లో క్వాలిటీ విభాగం ఎందుకంత పెద్దదో, అందులో కెమిస్ట్రీ వచ్చినవాళ్లకు ఎందుకు చోటుందో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

జంతికల గొట్టం, మరమరాల బట్టీ కలిస్తే ఎక్స్‌ట్రూడర్

సంచీలోని గింజను చూస్తే వేయించిన బిస్కెట్ ముక్కలా ఉంటుంది. అది వేగినదీ కాదు, కాల్చినదీ కాదు. ముడిసరుకులన్నీ మెత్తగా పొడి కొట్టి, ఆవిరితో తడిపి, ఎక్స్‌ట్రూడర్ అనే యంత్రంలోకి పంపుతారు. గొట్టం లోపల మర సరుకును తిప్పుతూ, నొక్కుతూ ముందుకు తోస్తుంది. రాపిడికీ ఆవిరికీ వేడి 100 డిగ్రీలు దాటుతుంది కానీ ఒత్తిడి వల్ల లోపల నీరు మరగదు. చివర ఉన్న రంధ్రపు బిళ్ల దాటి బయటికి రాగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, నీరు ఆవిరై, పిండి మరమరంలా ఉబ్బుతుంది. బిళ్ల ముందు తిరిగే కత్తి దాన్ని ముక్కలు చేస్తుంది. తర్వాత ఆరబెట్టి తేమను 10 శాతం దగ్గరికి తెస్తారు. చివర్లో పైన కొవ్వు, రుచి కోసం కాలేయం వంటివాటిని ఎంజైములతో కరిగించి చేసిన ద్రవం పూస్తారు. పిచ్చి వాసన అంటాం చూడండి, అది దానిదే. కుక్కకు అది మసాలా.

ఉబ్బాలంటే పిండిపదార్థం ఉండాలి. నూకలు, మొక్కజొన్న, గోధుమ ఆ పని చేస్తాయి. ‘గ్రెయిన్ ఫ్రీ’ అని అమ్మే సంచీల్లో ధాన్యం ఉండదు గానీ బఠానీయో, బంగాళదుంపో, కర్రపెండలమో ఉంటుంది. అది లేకపోతే గింజ నిలవదు. ఈ గ్రెయిన్ ఫ్రీ ఆహారానికీ కుక్కల గుండె జబ్బుకూ సంబంధం ఉందేమో చూస్తున్నామని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో ప్రకటించింది. కొందరు వెటర్నరీ కార్డియాలజిస్టులు పప్పుధాన్యాలు ఎక్కువైతే ప్రమాదమన్నారు. కంపెనీలు, మరికొందరు పరిశోధకులు జబ్బుపడిన కుక్కల్లో ముందే జాతి వల్ల వచ్చే దోషం ఉండొచ్చన్నారు. 2022 చివర్లో ఆ సంస్థ, కారణం ఇదేనని తేల్చడానికి ఆధారాలు చాలవని చెప్పింది. ఇప్పటికీ తేలలేదు. తేలని ప్రశ్నలున్న చోటే పరిశోధన ఉద్యోగాలుంటాయి కాబట్టి, చదవాలనుకునేవాళ్లకు ఇది చెడ్డ వార్తేమీ కాదు.

కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లకు ఈ యంత్రం కొత్తదేం కాదు. నీళ్ల మీద తేలే చేపల మేత గుళికలు ఇదే ఎక్స్‌ట్రూడర్‌లో తయారవుతాయి. గుళిక ఎంత ఉబ్బాలో, తేలాలో మునగాలో నిర్ణయించే మెళకువే కుక్క గింజ గట్టిదనాన్నీ నిర్ణయిస్తుంది. చేపలు, రొయ్యల ఉత్పత్తిలో, గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం మన రాష్ట్రానిదే. కాబట్టి మేత మిల్లులు, వాటికి సరుకు కొనేవాళ్లు, ల్యాబ్‌లు, మిల్లు ఇంజనీర్లు ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నారు. పశ్చిమ గోదావరిలో రొయ్యల మేత పెట్టి పెరిగిన అవంతి ఫీడ్స్ ఇటీవల థాయ్‌లాండ్ కంపెనీతో కలిసి పెట్ ఫుడ్ వ్యాపారంలోకి వచ్చింది. నాకైతే అది దారి తప్పడంగా కనిపించలేదు, పక్క గదిలోకి నడిచినట్టుంది.

ఆ పేరుతో డిగ్రీ ఉందా?

అమెరికాలో ఉంది. కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ధాన్యాల శాస్త్ర విభాగం కింద పెట్ ఫుడ్‌కు ప్రత్యేక కార్యక్రమం నడుస్తోంది. ఎక్స్‌ట్రూడర్ ముందు నిలబెట్టి నేర్పుతారు. ఆ రాష్ట్రంలో అది పుట్టడం యాదృచ్ఛికం కాదు. 1939లో బడ్డీ అనే అంధుల సహాయక కుక్కకు కిడ్నీ జబ్బు వస్తే మార్క్ మోరిస్ అనే పశువైద్యుడు ప్రత్యేకంగా ఆహారం తయారు చేశాడు. 1948లో ఆ ఫార్ములాను డబ్బాల్లో నింపడానికి ఒప్పుకున్నది కాన్సాస్‌లోని టొపీకాలో ఉన్న హిల్ అనే ప్యాకింగ్ కంపెనీ. నేటి హిల్స్ పెట్ ఫుడ్ కంపెనీకి మూలం అదే. గోధుమ పండే చోట, మిల్లులున్న చోట, మిల్లుల చదువు పుట్టింది.

మన దగ్గర ఆ పేరుతో డిగ్రీ కోసం వెతికితే చేతికేమీ చిక్కదు. అదే సబ్జెక్టును మూడు ముక్కలు చేసి, మూడు కాలేజీల్లో పెట్టినట్టుంటుంది.

మొదటి ముక్క విజయవాడకు పాతిక కిలోమీటర్ల లోపే గన్నవరంలో ఉంది. ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998లో మొదలైంది, ఇప్పుడు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఐదున్నరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. సీట్లు నీట్ ర్యాంకుతో ఇస్తారు. అంటే పక్క వాటా అమ్మాయి రాసిన పరీక్షే ఇక్కడా పనికొస్తుంది. యానిమల్ న్యూట్రిషన్ ఇందులో తప్పనిసరి సబ్జెక్టు. కాకపోతే పాఠంలో ఎక్కువ భాగం ఆవు, గేదె, కోడి. కుక్క, పిల్లి చివరి పేజీల్లో వస్తాయి. అది దేశానికి కావలసిన క్రమమే, తప్పు పట్టలేం. డిగ్రీ తర్వాత పీజీ అయిన ఎంవీఎస్సీలో యానిమల్ న్యూట్రిషన్ తీసుకుంటే లోతు వస్తుంది. గుంటూరు పక్కన లాం ఫారంలోని పశు పరిశోధన స్థానం ఒంగోలు పశువులకు పేరుపడినది. బెంగళూరులో పశు పోషణ, శరీరధర్మశాస్త్రాల జాతీయ సంస్థ ఉంది.

రెండో ముక్క ఫుడ్ టెక్నాలజీ. లాంలో ప్రధాన కార్యాలయం ఉన్న ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి బాపట్లలో ఫుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ కళాశాల ఉంది. గుంటూరు దగ్గర వడ్లమూడిలోని విజ్ఞాన్ విశ్వవిద్యాలయంలోనూ బీటెక్ ఫుడ్ టెక్నాలజీ చెబుతారు. నాలుగేళ్లు. ఎండబెట్టడం, ఉడికించడం, ఎక్స్‌ట్రూషన్, ప్యాకింగ్, సూక్ష్మజీవులు, ఆహార చట్టాలు చదువుతారు. జంతువు శరీరం ఊసు ఉండదు.

మూడో ముక్క అంతగా ఎవరూ తలవనిది: చేపల మేత. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్య కళాశాల వంటి చోట బీఎఫ్ఎస్సీ అనే మత్స్యశాస్త్ర డిగ్రీ చేసినవాళ్లు పోషణ, మేత తయారీ రెండూ కొంత కొంత చదువుతారు. వాళ్లు పెట్ ఫుడ్ వైపు రావడం అరుదు. యంత్రం, ముడిసరుకు ఒకటే అయినప్పుడు అరుదుగానే ఎందుకుండాలో నాకు అర్థం కాలేదు.

వెటర్నరీ వాళ్ల మాట, ఫుడ్ టెక్ వాళ్ల మాట

ముందు వెటర్నరీ చదివినవాళ్ల వాదన. తినేది జంతువు, జబ్బుపడేది జంతువు. దాని పేగు, కాలేయం, కిడ్నీ తెలియకుండా ఫార్ములా రాయడమంటే మందుల కొట్టు వాడు వైద్యం చేసినట్టే. కిడ్నీ ఆహారం, డయాబెటిస్ ఆహారం వంటి చికిత్సాహారాల దగ్గర డాక్టర్ మాటే చెల్లుతుంది. పైగా పెట్ ఫుడ్ పని నచ్చకపోయినా పశుసంవర్ధక శాఖలో అసిస్టెంట్ సర్జన్ ఉద్యోగం, సొంత క్లినిక్ అనే రెండు తలుపులు తెరిచే ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఈ చివరి మాట విని ఊపిరి పీల్చుకుంటారు.

ఫుడ్ టెక్నాలజీ వాళ్లు వేరే వైపు నుంచి వస్తారు. పోషకాల పట్టికలు అచ్చులో ఉన్నాయి, లెక్కకు సాఫ్ట్‌వేర్ ఉంది. రోజుకు టన్నుల కొద్దీ సరుకు, ప్రతి గింజా ఒకే తీరుగా, జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా లేకుండా, ఏడాది పాటు కొవ్వు మక్కిపోకుండా తీయడం అసలు కష్టం. ఫ్యాక్టరీలో రోజువారీ ఉద్యోగాలు ఎక్కువ ఉన్నది అక్కడే. ఐదున్నరేళ్లకు బదులు నాలుగేళ్లు. పెట్ ఫుడ్ కాకపోతే బిస్కెట్లు, పాలు, మసాలాలు, ఏదో ఒక కంపెనీ దొరుకుతుంది.

రెండు వాదనలనూ ఒకే సంఘటన మీద పెట్టి చూద్దాం. ఇది నేను అల్లిన ఉదాహరణే గానీ మన ఎండలకు బాగా అతుకుతుంది. మే నెల. ఒకే బ్యాచ్ సంచీ తిన్న మూడు కుక్కలకు విరేచనాలు, తిండి వాసన చూసి వదిలేస్తున్నాయి. వెటర్నరీ చదివినామె ముందు కుక్కలను అడుగుతుంది: ఆహారం హఠాత్తుగా మార్చారా, నులిపురుగుల మందు వేశారా, పార్వో వైరస్ టీకా పడిందా, పాంక్రియాస్ ఎలా ఉంది? ఫుడ్ టెక్ అతను సంచీని అడుగుతాడు: గోడౌన్ రేకుల షెడ్డా, కొవ్వు ఎంత చెడిందో చెప్పే పెరాక్సైడ్ విలువ ఎంత, అది చెడకుండా కలిపే టోకోఫెరాల్స్ ఎంత వేశారు, దుకాణదారు సంచీ విప్పి కిలోల లెక్కన విడిగా అమ్మాడా? 45 డిగ్రీల ఎండలో విప్పిన సంచీలో కొవ్వు గాలి తగిలి చెడితే, కంపెనీ ఫార్ములాలో ఏ తప్పూ లేకుండానే ఆహారం పాడవుతుంది. ఇద్దరి ప్రశ్నలూ కావాలి. ఒకరి ప్రశ్నలు ఇంకొకరికి తట్టవు. కంపెనీల్లో పైకి వెళ్లినవాళ్లు, తమది కాని ఆ రెండో వైపు ప్రశ్నలు అడగడం తర్వాత నేర్చుకున్నవాళ్లే.

మూడో మాట కూడా ఒకటి వినిపిస్తుంది: ఇవేవీ ఎందుకు, ఆన్‌లైన్‌లో కొన్ని వారాల ‘పెట్ న్యూట్రిషనిస్ట్’ సర్టిఫికెట్ కోర్సు చేస్తే పోదా? ఆ కోర్సులతో సంచీ వెనక చదవడం వస్తుంది, అది మంచిదే. అమెరికాలో బోర్డు గుర్తింపు పొందిన వెటర్నరీ న్యూట్రిషనిస్ట్ అంటే మాత్రం పశువైద్య డిగ్రీ మీద మళ్లీ కొన్నేళ్లు రెసిడెన్సీ చేసి పరీక్ష నెగ్గిన మనిషి. రెండు పేర్లూ ఒకేలా వినిపించడం వల్ల వచ్చే గందరగోళం ఇది. మన దేశంలో జబ్బు చేసిన జంతువుకు వైద్యం చేసే హక్కు 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన డాక్టర్లకే ఉంటుంది.

మనుషుల తిండికి ఉన్న చట్టం దీనికి లేదు

పప్పు ప్యాకెట్ మీద కనిపించే ఎఫ్ఎస్ఎస్ఏఐ ముద్ర కుక్క ఆహారం సంచీ మీద ఎందుకు ఉండదని చాలామంది అడుగుతారు. 2006 నాటి ఆహార భద్రత చట్టం ‘ఆహారం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోంచే పశువుల దాణాను మినహాయించింది. కుక్క, పిల్లి ఆహారానికి భారతీయ ప్రమాణాల సంస్థ రాసిన ఐఎస్ 11968 అనే ప్రమాణం ఉంది. అది పాటించేవాళ్లు పాటించేదే గానీ లైసెన్సు లాంటిది కాదు. పన్నుల వాళ్లు మాత్రం తేడా బాగానే కనిపెట్టారు: 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పశువుల దాణాకు పన్ను లేదు, దుకాణంలో అమ్మే కుక్క, పిల్లి ఆహారానికి 18 శాతం వేశారు.

దీనివల్ల ఉద్యోగాల్లో ఒక విచిత్రం జరుగుతుంది. చట్టం గట్టిగా లేనప్పుడు కంపెనీ తనకు తానే గీత గీసుకోవాలి. పెద్ద కంపెనీలు ఆఫ్‌కో పట్టికనో, యూరప్‌లోని పెట్ ఫుడ్ కంపెనీల సమాఖ్య ఫెడియాఫ్ మార్గదర్శకాలనో పట్టుకుంటాయి. ఎగుమతి చేయాలంటే కొనే దేశం నిబంధనలూ కలుస్తాయి. ఆ పత్రాలన్నీ చదివి, సంచీ మీద ఏ మాట రాయొచ్చో ఏది రాయకూడదో చెప్పే రెగ్యులేటరీ మనిషి ఒకరు కావాలి. చదువు ఏదైనా, ఓపికగా చదివే అలవాటు ఉన్నవాళ్లకు ఆ కుర్చీ దక్కుతుంది.

ఉద్యోగాలు ఎక్కడ, ఏ పేరుతో

పెడిగ్రీ తయారు చేసే మార్స్ కంపెనీకి తెలంగాణలో ఫ్యాక్టరీ ఉంది. సిద్దిపేటలో దాన్ని పెంచడానికి 500 కోట్ల రూపాయలు పెడతామని 2021లో ప్రకటించింది. డ్రూల్స్ ఛత్తీస్‌గఢ్‌లోని రాజనందగావ్ కేంద్రంగా ఎదిగిన కంపెనీ, కోళ్ల వ్యాపారంలోంచి వచ్చినది. 2025లో నెస్లే అందులో చిన్న వాటా కొన్నది. అంటే బెజవాడ పిల్ల ఈ రంగంలో ఫ్యాక్టరీ ఉద్యోగం కావాలంటే ఊరు దాటాలి, దేశం దాటనక్కర్లేదు.

పరిశోధన అనే బోర్డు ఉన్న గదుల్లో చోటు తక్కువ. కొత్త ఫార్ములాల మీద పెద్ద పరిశోధన విదేశాల్లోనే జరుగుతుంది. మార్స్‌కు ఇంగ్లండ్‌లో వాల్తమ్ అనే సంస్థ ఉంది. ఇక్కడ మొదటి ఉద్యోగం ఎక్కువగా ల్యాబ్‌లో శాంపిళ్లు, ఎక్స్‌ట్రూడర్ షిఫ్టు, ముడిసరుకు లారీ దిగగానే తేమ చూడడం, లేదా వెటర్నరీ వాళ్లకైతే క్లినిక్‌ల చుట్టూ తిరిగి డాక్టర్లకు ఉత్పత్తి గురించి వివరించడం. చివరిదాన్ని టెక్నికల్ సర్వీస్ అంటారు, అందులో సగం సేల్సే. ఇది ముందే తెలిస్తే నిరాశ తక్కువ.

వీటి మధ్య నాకు భలే నచ్చిన పని ఒకటి ఉంది: రుచి పరీక్ష. కొనేవాడు తినడు, తినేవాడు మాట్లాడడు. అందుకని రెండు గిన్నెల్లో రెండు రకాలు పెట్టి, కుక్క మొదట ఏ గిన్నె దగ్గరికి పోయింది, ఏది ఎంత తిన్నది అని గ్రాముల్లో తూస్తారు. మర్నాడు గిన్నెలను అటూ ఇటూ మారుస్తారు. ఎందుకంటే కొన్ని కుక్కలు ఏం పెట్టినా ఎడమ గిన్నె దగ్గరికే పోతాయి. ఆ అలవాటును లెక్కలోంచి తీసేయడానికి స్టాటిస్టిక్స్ కావాలి. ఇంటర్‌లో లెక్కలు తప్పించుకున్నామని సంబరపడే బైపీసీ వాళ్లకు అవి ఇక్కడ మళ్లీ ఎదురొస్తాయి.

ప్రకటనల్లో ‘పెట్ ఫుడ్ సైంటిస్ట్’ అని వెతికితే పెద్దగా ఏమీ కనపడదు. ఫార్ములేషన్, ఎక్స్‌ట్రూషన్, క్వాలిటీ అస్యూరెన్స్, పాలటబిలిటీ (ఆ రుచి పరీక్షల పని), యానిమల్ న్యూట్రిషన్, రెగ్యులేటరీ అఫైర్స్ అన్న పేర్లతో అవే ఉద్యోగాలు ఉంటాయి. అర్హత దగ్గర బీవీఎస్సీ, ఎంవీఎస్సీ, ఫుడ్ టెక్నాలజీ, కొన్నిటికి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ కనిపిస్తాయి. మేత మిల్లులో అనుభవం ఉంటే మంచిదన్న మాట కూడా ఉంటుంది, మన వైపు పిల్లలకు దొరకడం తేలికైన అర్హత అదే.

పక్క వాటా అమ్మాయి కౌన్సెలింగ్ కోసం చూస్తోంది. గన్నవరం వస్తే గన్నవరం, లేకపోతే బాపట్ల అంటోంది. నానమ్మ మాత్రం ఆ లెక్క విన్నప్పటి నుంచి వీధి కుక్క పెరుగన్నంలో ఉడికించిన గుడ్డు ఒకటి చిదిమి వేస్తోంది. కూర్చుని లెక్క కట్టాం. మన 200, 100 గ్రాముల పళ్లెంలో ఒక గుడ్డు పడితే ప్రొటీన్ 8.7 నుంచి 15 గ్రాములకు, పొడి పదార్థం 72 నుంచి 84 గ్రాములకు పెరుగుతాయి. 18 శాతానికి ఇసుమంత తక్కువ. కాల్షియం ఇంకా తక్కువే ఉంది.